పల్చని గుడ్డకు గట్టి అంచు: పురుగుల ఇంటి తెర, వాన కోటు, ఎండ వల

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకుల్లోని మన తెలుగు ఇళ్ళల్లో చాలా చోట్ల కుట్టు మిషన్ ఉంది. రవికలు, లంగాలు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం మన ఆడవాళ్ళకు చేతి కింది పని. అయితే ఆ పనితనమంతా నూలు గుడ్డ, పట్టు గుడ్డ మీద వచ్చింది. ఇప్పుడు మిషన్ ముందుకు వేరే రకం గుడ్డలు వస్తున్నాయి. పట్టుపురుగుల ఇంటి కిటికీకి నైలాన్ వల, బండి మీద వేసుకునే వాన కోటు, మిద్దె మీద ఎండకు కట్టే తెర, బండికి కప్పే గుడ్డ, నారు మీద పరిచే పల్చని వల. ఇవన్నీ తేలిక, అన్నీ జారేవే. ఎండలో, వానలో, గాలిలో నిలబడాల్సినవి.

వీటిలో ముందు పాడయ్యేది నడిమి గుడ్డ కాదు, అంచు. కాబట్టి అంచు ఎలా మడవాలో, ఎలా కుట్టాలో ఒక్కచోట చేర్చి ఇక్కడ ఇస్తున్నాం. దాచి పెట్టుకుని, పని పడినప్పుడు చూసుకోవచ్చు.

ఒక్క మాట మొదటే చెప్పాలి. అంచు ఎంత వెడల్పు, ఏ రకం అనేది గుడ్డను చూసి కాదు, ఆ గుడ్డ బయట చేసే పనిని చూసి నిర్ణయించాలి. ఈగను ఆపాలా, నీటిని జార్చాలా, గాలికి తట్టుకోవాలా? మూడింటికీ మూడు రకాల అంచులు.

పురుగుల ఇంటి తెర ఎందుకు ముఖ్యం

మన జిల్లాలో రేష్మె పని లేని ఊరు తక్కువ. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్ రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. పురుగులు మేపేవారికి ఊజీ ఈగ సంగతి కొత్తగా చెప్పక్కరలేదు. కన్నడలో ‘ఊజి నొణ’ అంటారు. ఈ ఈగ 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన గూళ్ళతో పాటు కర్ణాటకలోకి వచ్చింది. అంతకుముందు మన వైపు ఈ బెడద లేదు.

ఇది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి, అందులోని పిల్ల పురుగు పట్టుపురుగు లోపలికి తొలుచుకుపోతుంది. అది దూరిన చోట నల్లటి మచ్చ పడుతుంది. ముందు జ్వరాల్లో పట్టుకుంటే పట్టుపురుగు గూడు కట్టకుండానే చస్తుంది. చివరి జ్వరంలో పట్టుకుంటే గూడు కడుతుంది కాని, లోపలి పిల్ల గూటికి కన్నం చేసి బయటికి వస్తుంది. కన్నం పడిన గూటి నుంచి తెగకుండా దారం రాదు కాబట్టి రీలింగుకు పనికిరాదు. నెల రోజుల మేత, కూలి, రాత్రి జాగారం అన్నీ ఆ కన్నంలోంచి పోతాయి.

మందులు, పరాన్నజీవులు ఉన్నా మొదటి కాపలా వలే. కిటికీలకు, గాలి కన్నాలకు, వాకిలికి నైలాన్ వల కట్టాలని రేష్మె శాఖవారు చెబుతూనే ఉంటారు. చాలామంది కడతారు కూడా. ఈగ వల కన్నంలోంచి రాదు. అంచు వంకర పోయిన చోట, కుట్టు విడిన చోట, రెండు తెరలు కలవని చోట వస్తుంది. పెన్సిలు దూరే సందు ఉంటే ఈగ దూరుతుంది. అందుకే ఈ తెర అంచు అందం కోసం కాదు, పంట కోసం.

ముందు గుడ్డను గుర్తుపట్టండి

కొట్లో అన్నింటినీ ‘నైలాన్’ అనే అంటారు. మూలకు ఒక చిన్న ముక్క కత్తిరించి, పళ్ళెంలో పెట్టి, పటకారుతో పట్టుకుని నిప్పు చూపించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అయితే నూలు. ముడుచుకుని కరిగి గట్టి పూస అయితే నైలాన్ లేదా పాలిస్టర్. కొవ్వొత్తి వాసనతో మైనంలా కరిగితే ప్లాస్టిక్ వల, అంటే పాలిథీన్ రకం.

1. నైలాన్: బలం ఎక్కువ, సాగుతుంది. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే బలహీనపడుతుంది. బ్లీచింగ్ పొడి నీళ్ళు దీనికి పడవు.
2. పాలిస్టర్: నైలాన్ అంత సాగదు, ఎండకు బాగా ఆగుతుంది. గొడుగు గుడ్డ, వాన కోటు గుడ్డ ఎక్కువగా ఇదే.
3. ప్లాస్టిక్ ఎండ వల: క్యాప్సికం, గులాబీ తోటల మీద కట్టే ఆకుపచ్చ, నల్ల వలలు. సుమారు 130 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఇస్త్రీ పెట్టె దగ్గరికే తీసుకురాకూడదు.
4. గళ్ళ నైలాన్: డేరాలకు, మంచి వాన కోట్లకు వాడేది. పల్చని నేతలో ప్రతి కొన్ని పోగులకు ఒక లావు పోగు పడుగులోనూ పేకలోనూ వేస్తారు. చిరుగు ఆ లావు పోగు దగ్గర ఆగిపోతుంది.

ఈ నాలుగో రకం వెనక కథ పట్టు ఊళ్ళవాళ్ళు తెలుసుకోదగ్గది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పారాచూట్లు పట్టుతో కుట్టేవారు. అమెరికాకు పట్టు ఎక్కువగా జపాన్ నుంచి వచ్చేది. యుద్ధంతో ఆ దారి మూసుకుపోగానే, 1935లో కనిపెట్టిన నైలాన్ ఆ పనిలోకి వచ్చింది. పట్టు చోటు తీసుకున్న నైలాన్, ఇప్పుడు మన కిటికీలో వలై పట్టుపురుగుకు కాపలా కాస్తోంది.

గుడ్డ మీద ‘70 డెనియర్’ అని రాసి ఉంటే కంగారు పడకండి. రీలింగు వాళ్ళు ‘20/22 డెనియర్’ అనే మాటా ఇదే. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె తగ్గేకొద్దీ దారం సన్నం, సూది అంత సన్నంగా ఉండాలి.

సూది, దారం, మిషన్

పల్చని వాన గుడ్డకు 11 నంబరు సూది. నైలాన్ వలకు పట్టీ వేసి కుట్టేటప్పుడు 14. ప్లాస్టిక్ ఎండ వలకు 16. పని మొదలుపెట్టేటప్పుడు కొత్త సూది వేయండి. మొన మొద్దుబారిన సూది నూలు గుడ్డలో తెలియదు కాని, నైలాన్‌లో పోగును లాగి గీత పెడుతుంది. ఆ గీత మళ్ళీ పోదు.

దారం పాలిస్టర్‌దే కావాలి. నూలు దారం తడిలో మగ్గుతుంది, వాన నీటిని వత్తిలా పీల్చి లోపలికి తెస్తుంది. మెరిసే ఎంబ్రాయిడరీ దారం ఎండకు, రాపిడికి ఆగదు. పైన, బాబిన్‌లో ఒకే దారం వాడండి.

కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 8 కుట్లు. రవికకు వేసినట్టు దగ్గర కుట్లు వేస్తే బలం పెరగదు. కన్నాలు దగ్గరై, స్టాంపు కాగితం చిరిగినట్టు ఆ వరుస వెంటే చిరుగుతుంది. దారం బిగువు కొంచెం వదులు చేసి, అదే గుడ్డ ముక్క మీద అర మూర కుట్టి చూశాకే అసలు గుడ్డను పెట్టండి.

కొట్లో అడగడానికి కన్నడ మాటలు: సూదిని ‘సూజి’, దారాన్ని ‘దార’, వలను ‘బలె’, తెరను ‘పరదె’, కుట్టు మిషన్‌ను ‘హొలిగె యంత్ర’ అంటారు. అంచు మాత్రం రెండు భాషల్లోనూ అంచే.

కత్తిరించడం, మడవడం

గుడ్డను నేల మీద పరిచి, పడుగు పోగు వెంట గీత గీయండి. గళ్ళ గుడ్డకు స్కేలు అక్కరలేదు, గడి గీతే స్కేలు. కత్తిరింపు వంకరైతే మడత వంకర, మడత వంకరైతే కుట్టు వంకర. ఎంత బాగా కుట్టినా మొదటి తప్పు చివరిదాకా వస్తుంది.

పోగులు ఊడకుండా నైలాన్, పాలిస్టర్ అంచును వేడితో అతికించవచ్చు. చిన్న ముక్కలకు వెలిగించిన అగరుబత్తి కొనను అంచుకు తాకీ తాకకుండా నడిపితే చాలు. ఈ పని ఆరుబయట చేయండి. కరిగిన బొట్టు చర్మానికి అంటుకుని కాలుస్తుంది, పొగ మంచిది కాదు. పురుగుల ఇంటి దగ్గర అసలు చేయకూడదు. పురుగులు పొగకు ఆగవు.

మడతకు ఇస్త్రీ బదులు గోరు వాడండి. ఒక చెక్క పలక మీద పెట్టి, గోటితోనో స్కేలు అంచుతోనో గట్టిగా గీస్తే మడత నిలుస్తుంది. నీళ్ళు ఆగే పూత ఉన్న గుడ్డకు ఇస్త్రీ తగిలితే పూత పోతుంది.

గుండుసూదులు గుచ్చితే కన్నాలు ఉండిపోతాయి. వాటి బదులు ఆఫీసులో ఫైళ్ళకు పెట్టే నల్ల క్లిప్పులు జానెడుకొకటి పెట్టండి. బట్టలు ఆరేసే క్లిప్పులైనా సరే. గుండుసూదే గుచ్చాల్సి వస్తే మడత లోపలే గుచ్చండి.

మొదటి అంచు: రెండు మడతల అంచు

వాన గుడ్డ, ఎండ తెర, బండి కప్పు వంటి నేసిన గుడ్డలకు ఇది. కొలత గుర్తుంచుకోవడం తేలిక. అర అంగుళం మడిచి, మళ్ళీ అర అంగుళం మడవాలి. అంటే ప్రతి అంచుకూ 1 అంగుళం ఎక్కువ వదిలి కత్తిరించాలి.

రెండు మడతలూ సమానంగా ఉండటం ముఖ్యం. చాలామంది లోపలి మడత పావు అంగుళం, పై మడత అర అంగుళం వేస్తారు. నూలులో అది చెల్లుతుంది. జారే గుడ్డలో ఒక పక్క రెండు పొరలు, ఇంకో పక్క మూడు పొరలు పడి, మిషన్ పాదం ఒరిగి, అంచు మెలి తిరుగుతుంది. సమాన మడతలైతే అంతటా మూడు పొరలే, పాదం చదునుగా నడుస్తుంది.

కుట్టు లోపలి మడత గీతకు ఒక నూలు పోగు దూరంలో వేయండి. గాలికి కొట్టుకునే తెర అయితే బయటి గీత పక్కన రెండో వరుస వేయండి. మొదట్లో మిషన్ గుడ్డను లోపలికి మింగకుండా, రెండు దారాల కొనలూ వెనక్కి పట్టుకుని, మూలకు అంగుళం ఇవతల మొదలుపెట్టండి. గుడ్డను పాదానికి ముందూ వెనకా సమంగా పట్టుకోవాలి, లాగకూడదు. ఇంకా ముడతలు వస్తుంటే కింద సన్నని తెల్ల కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది.

చీర కొంగుకు వేసే పీకో ఇక్కడ పనికిరాదా అని అడుగుతారు. ఇంట్లో తెరలకు, ఓణీలకు బాగుంటుంది. బయట గాలికి కొట్టుకునే గుడ్డకు ఆ సన్నని చుట్టు అంచు నెలల్లో చీలికలవుతుంది.

రెండో అంచు: వలకు పట్టీ

వలను మడిచి కుట్టకూడదు. సూది సగం సార్లు కన్నంలో పడుతుంది, కుట్టుకు పట్టు దొరకదు. వల అంచును గుడ్డ పట్టీ మధ్య ఇరికించి కుట్టాలి.

పాలిస్టర్ గుడ్డలో 3 అంగుళాల వెడల్పు పట్టీలు, పడుగు వెంట కత్తిరించండి. క్రాస్‌గా కత్తిరిస్తే పట్టీ సాగి అంచు అలలు తిరుగుతుంది. పట్టీ రెండు వైపులా అర అంగుళం లోపలికి మడిచి, నడిమికి మడిస్తే 1 అంగుళం పట్టీ అవుతుంది. వలను ఆ మడత గీత దాకా లోపలికి దూర్చి, రెండు వరుసలు కుట్టండి. ఒకటి పట్టీ లోపలి అంచు పక్కన, రెండోది దానికి పావు అంగుళం ఇవతల. ఒక వరుస విడినా రెండోది పట్టి ఉంచుతుంది.

*కిటికీ లెక్క:* కిటికీ తెరపు 48 × 36 అంగుళాలు అనుకుందాం. అన్ని వైపులా 3 అంగుళాలు గోడ మీదికి రావాలి. కాబట్టి తెర 54 × 42 అంగుళాలు. పట్టీ వేస్తున్నాం కాబట్టి మడతకు వేరే వదలక్కరలేదు. కిటికీ చట్రానికి వెల్క్రో గట్టి వైపు చిన్న మేకులతో కొట్టి, మెత్తని వైపు పట్టీ మీద కుట్టండి. నాలుగు పక్కలా ఎడతెగకుండా వేయాలి. ముక్కలు ముక్కలుగా వేస్తే మధ్య సందుల్లో మళ్ళీ ఈగకు దారి.

*వాకిలి లెక్క:* వాకిలి 36 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల ఎత్తు. మనిషి తట్టతో లోపలికి వెళ్ళి రావాలి కాబట్టి రెండు తెరలు కావాలి. పక్కలకు 6 అంగుళాల చొప్పున కలిపి 48 అంగుళాలు కప్పాలి. నడుమ ఒకదాని మీద ఒకటి 12 అంగుళాలు పడాలి. మొత్తం 60, అంటే ఒక్కో తెర 30 అంగుళాలు. ఎత్తు పైన 3, నేల మీద 3 కలిపి 84 అంగుళాలు. అడుగున 2 అంగుళాల వెడల్పు గుడ్డ గొట్టం కుట్టి, అందులో సన్నని ఇనుప గొలుసు వేయండి. తెర తనంతట తాను మూసుకుంటుంది, గాలికి లేవదు. గొట్టం ఒక కొన తెరిచి ఉంచితే ఉతికేటప్పుడు గొలుసు తీయవచ్చు. వీలుంటే వాకిలి ముందు చిన్న గది కట్టుకుని, రెండు వాకిళ్ళకూ తెరలు వేయడం ఇంకా మేలు.

వల బిగించాక పగటిపూట లోపల తలుపు మూసి, దీపం ఆర్పి చూడండి. అంచు వెంట వెలుతురు గీత కనబడితే అక్కడ సందు ఉన్నట్టే. సుద్దముక్కతో గుర్తు పెట్టి కుట్టండి. పురుగులు తట్టల్లోకి రాకముందే ఈ పని జరగాలి.

అంచు ఎంత బాగున్నా వల ఒక్కటే చాలదు. లోపల నేల పగుళ్ళలో ఊజీ కోశాలు మిగిలితే కొత్త ఈగలు వల లోపలే పుడతాయి. నేల పగుళ్ళు పూడ్చడం, పిల్ల పురుగులను ఏరి చంపడం మానకూడదు.

మూడో అంచు: నీటికి

వాన కోటు, సామాను కప్పు విషయంలో మూడు సంగతులు.

మడత ఎప్పుడూ లోపలి వైపుకే ఉండాలి. బయటికి మడిస్తే ఆ మడత కాలువలా నీళ్ళు పట్టుకుంటుంది.

కుట్టు కన్నంలోంచి నీళ్ళు దిగుతాయి. అడుగు అంచులో ఫరవాలేదు. భుజం మీద, తల మీద ఉన్న కుట్టుకు లోపల అతుకు టేపు గాని, కుట్టు మీద పూసే జిగురు గాని వేయాలి. సిలికాన్ పూత గుడ్డకు సిలికాన్ జిగురే పడుతుంది, మరొకటి ఊడిపోతుంది. విప్పి మళ్ళీ కుడితే పాత కన్నాలు అలాగే ఉంటాయి. ఈ గుడ్డలో విప్పి కుట్టే అవకాశం లేదనుకునే మొదలుపెట్టాలి.

గుండ్రని అడుగు అంచుకు అర అంగుళం మడత ముడతలు పెడుతుంది. అక్కడ పావు అంగుళం మడతలు చాలు. లేదా క్రాస్‌గా కత్తిరించిన పట్టీ వేయండి. వలకు వద్దన్న క్రాస్ పట్టీ ఇక్కడ కావాలి, వంపు వెంట అదే తిరుగుతుంది.

మూలలు

గాలి గుడ్డను పట్టి లాగేది మూలల్లోనే. రెండు మడతల అంచులు మూలలో కలిస్తే 3 × 3, మొత్తం 9 పొరలు. సూది విరుగుతుంది, కుట్టు దాటుతుంది. మడవకముందే మూల కొనను ఏటవాలుగా కత్తిరించి, రెండు మడతలు ఎదురెదురుగా కలిసేలా మడిస్తే ఆ లావు తగ్గుతుంది.

తాడు కట్టే చోట ఇనుప రింగు కొట్టేముందు లోపల 3 అంగుళాల గుడ్డ ముక్క అదనంగా వేయండి. రింగు బదులు నాడా ఉంగరం కుట్టడం పల్చని గుడ్డకు మేలు. నాడాను మడిచి, కాళ్ళ మీద చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టాలి. బరువు నాలుగు పక్కలకు పంచుకుంటుంది.

తప్పు, కారణం, సరిచేయడం

• అంచు వెంట ముడతలు: దారం బిగువు ఎక్కువ, లేదా కుట్టు మరీ దగ్గర. బిగువు వదిలి, కుట్టు పొడవు 3కు పెంచండి.
• కుట్టు దాటడం: సూది మొద్దుబారింది లేదా తప్పు వైపుకు తిప్పి పెట్టారు. మార్చండి.
• అంచు మెలి తిరగడం: మడతలు అసమానం, లేదా పై పొర జారింది. క్లిప్పులు దగ్గరగా పెట్టండి.
• కుట్టు వెంట చిరుగు: కుట్లు మరీ దగ్గర, సూది లావు. పక్కన పట్టీ వేసి కొత్త వరుస కుట్టండి.
• గుడ్డ కిందికి పోవడం: మూల నుంచి మొదలుపెట్టారు. కాగితం ముక్క మీద మొదలుపెట్టండి.

కాపాడుకోవడం

పంట తీశాక వల విప్పి, సబ్బు నీళ్ళలో చేత్తో ఉతికి, నీడలో ఆరేయండి. ఇల్లు శుద్ధి చేసే బ్లీచింగ్ ద్రావణం వలకూ తగలక తప్పదు. చెప్పిన సమయం అయ్యాక మంచి నీళ్ళతో బాగా జాడించండి. ఆరిన తర్వాత అంచును రెండు చేతులా పట్టి జానెడు జానెడు లాగి చూడండి. టప్ మని తెగిన కుట్టు అక్కడే కనబడుతుంది. వాన కోటును తడిగా మడిచి పెట్టకండి, పూత అతుక్కుని ఊడుతుంది.

కొత్తగా కుట్టు నేర్చుకునే పిల్లలకు మొదట కిటికీ తెర ఒకటి అప్పగించండి. తిన్నని గీతలు, నాలుగు మూలలు, లెక్క అన్నీ అందులో ఉన్నాయి. కుట్టింది సరిగా ఉందో లేదో చెప్పడానికి పెద్దవాళ్ళూ అక్కరలేదు. తలుపు మూసి దీపం ఆర్పితే తెరే చెబుతుంది.